ఎంగిలి కరెంటు

గువ్వలకొట్టాల,
శింగనమల మండలం,
6 ఏప్రిల్ 2025.

రామదాసు మామకు గిరి దండాలు.

ఉత్తరం చూసి ఎవరో పోయారని భయపడకు. మనుషులం అందరం ఉన్నాం. పోయింది కంప్యూటరు. నీకు ఫోను చేస్తే ‘ఆ? ఎవురు? యాడినుంచి?’ అనే మూడు మాటల దగ్గరే పని ముగుస్తుంది. ముప్పై ఏళ్లు నూలు మిల్లులో వైర్‌మన్‌గా చేసి చెవులు రెండూ మిల్లుకే ఇచ్చి వచ్చావు. యశోదమ్మ అత్త ఫోనేమో ఆమె సీరియళ్లకే చాలదు. అందుకని కాగితం పట్టాను.

నాకు ఈ ఊరంటే రోత పుట్టింది మామా. ఊరొక్కటే కాదు. ఈ కరెంటు స్తంభాలు, ఈ సాగిన తీగలు, తీగల కింద చేతులు కట్టుకుని బతికే ఈ జనం, అన్నీ అంతే. సంగతి చెబుతాను. మన చెల్లెలు లహరికి బెంగళూరు కంపెనీ ఒకటి పని ఇచ్చింది. పాత దస్తావేజుల ఫోటోలు పంపుతారు, చేతిరాత చదివి ఈమె ఇంట్లో కంప్యూటర్ మీద టైపు చేసి పంపాలి. జూన్ పదిహేను వరకు పరీక్షాకాలం. ఆలోపు చెప్పిన రోజుకు పని అందక మూడుసార్లు తప్పితే తీసేస్తారు. నిలబడితే ఇంటి నుంచే ఉద్యోగం. లేదంటే పక్కింటి ఇంద్రాణిలాగా బెంగళూరు గార్మెంట్సులో చేరి, ఒక గదిలో ఏడుగురితో కలిసి పడుకోవాలి. ఇంద్రాణి ఉగాదికి వచ్చినప్పుడు చూశాను. ఇరవై ఏళ్ల పిల్ల వీపు నొప్పని గోడకు ఆనుకుని కూర్చుంది.

మార్చి ఇరవై ఎనిమిదిన మధ్యాహ్నం ఉన్నట్టుండి ఫ్యాను పూనకం వచ్చినట్టు తిరిగింది. బల్బు తెల్లగా మండింది. కంప్యూటర్‌లో ‘టప్’మంది. కాలిన వెంట్రుకల కంపు. లోపలి కరెంటు డబ్బా మార్పించేలోగా మూడింట్లో ఒక తప్పు పడిపోయింది.

పట్నంలో ఏసీలు తాగినంత తాగి, పుక్కిలించి ఉమ్మిన కరెంటును మన పల్లెలకు వదులుతున్నారు. ఎంగిలి కరెంటు మామా! దీనికి మళ్లీ నెలనెలా బిల్లు. నేను ఊరుకోలేదు. బస్సు ఆగే చోట మా యువజన సంఘం బోర్డు ఉంది. నేనే సంపాదించిన ఇనుప పైపు మీద నేనే నిలబెట్టిన బోర్డు. దాని మీద పెద్ద అక్షరాలతో కరపత్రం అంటించాను. ‘ఎంగిలి కరెంటు పంపే లైన్‌మన్ హనుమంతరాయుడూ, జవాబు చెప్పు!’ ఫోటో తీసి పై ఆఫీసు వాళ్లందరికీ పంపాను కూడా.

ఈలోగా కంప్యూటర్‌ను కాపాడుకోవడానికి ఏం చేయాలో రాయి. నాయన నిన్ను అడగమన్నాడు. నాయన ఇంకా వ్యక్తులను నమ్మే దశలోనే ఉన్నాడు.

నిద్రపోని
గిరి


మడకశిర,
14 ఏప్రిల్ 2025.

అల్లుడు గిరికి,

నీ ఉత్తరం వచ్చినపుడు గొర్రెకు గిట్టలు కోస్తాంటి. మీ అత్త చదివి చేతులు ఊపుతా చెప్పింది. సగం అర్థమయింది. కంప్యూటర్ కాలిందా, నువ్వు కాలినావా అనేది మాత్రం తెలియలేదు. మళ్లా నేనే కళ్లద్దాలు పెట్టుకొని చదివినా.

ఫ్యాను పూనకంగా తిరిగింది అంటే కరెంటు ఎంగిలి కాదురా. పోయిన కరెంటు వెనక్కి వచ్చే తీగ ఒకటి ఉంటుంది, న్యూట్రల్ అని. అది స్తంభం కాడ యాడో వదులై ఉంటుంది. అప్పుడు నీ ఇంటికి రావాల్సిన దానికంటే ఎక్కువ వచ్చి పడుతుంది. దాన్ని హనుమంతరాయుడికి మంచిగా చెప్పి బిగించుకోవల్ల. బోర్డుకెక్కిస్తే తీగ బిగుసుకోదు.

ఇంట్లో చేసేది మూడు పనులు. ఒకటి, ఎక్కువైనా తక్కువైనా తనంతట తాను కత్తిరించే స్టెబిలైజర్ పెట్టు. రెండు, ఉరుము చెవిన పడినా (నీకు పడుతుంది, నాకు పడదు) స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకి పక్కన పెట్టు. మెరుపుకు స్విచ్చి ఒక లెక్క గాదు. మూడోది అన్నిటికన్నా పెద్దది. మీ ఇంట్లో ఎర్త్ ఉండాదా? ఆ ఇంటికి వైరింగు చేసింది నేనే. అప్పటికి నీకు మూడేండ్లు, నా టెస్టరు నోట్లో పెట్టుకొని తిరుగుతాంటివి. ఇరవై ఏండ్లయింది కాబట్టి అడుగుతాండా. ఎర్త్ ఉంటే సగం భయం పోయినట్టే. చూసి రాయి.

ఈడ ఎండలు దంచుతాండాయి. రెండు గొర్రెలు ఈనినాయి. తిమ్మమ్మత్తకు నమస్కారాలు చెప్పు. ఆమె మోకాళ్లు ఎట్లుండాయి? మా చెల్లెలు లక్ష్మిని నీళ్ల బిందెలు రెండు రెండు ఎత్తద్దని చెప్పు.

నీ చెవిటి మామ
రామదాసు


గువ్వలకొట్టాల,
22 ఏప్రిల్ 2025.

మామా,

నీ ఉత్తరంలో ఒక్క లైనుకు ముందు జవాబు. మా ఇంట్లో ఎర్త్ ఉందా అని అడిగావు. పుష్కలంగా ఉంది! మంచినీళ్లు లేవు, వాన లేదు, సిగ్గు లేదు, కానీ ఎర్త్‌కు మాత్రం కొదవలేదు. దాని గురించి నీకు దిగులే వద్దు.

ఇదే మాట మీద హనుమంతరాయుడితో గొడవ కూడా అయింది. మొన్న బండి దిగి నేరుగా మన గుమ్మం ముందుకొచ్చాడు.

“ఏమప్పా గిరీ, నా పేరు బోర్డుకెక్కిచ్చినావంట?”

“ఎక్కిచ్చినా. తప్పుంటే చెప్పు.”

“తప్పు నా లైన్లో లేదప్పా. మీ ఇంట్లో ఎర్త్ లేదు. పోయిన తూరి మీటరు చూడను వచ్చినపుడే మీ నాయనకు చెప్పినా.”

“లేదా? రా, సూపిస్తా!”

చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. ‘ముట్టుకో’ అన్నాను. ముట్టుకున్నాడు. నా ముఖం చూశాడు.

“దీన్ని ఎర్త్ అంటారా?” అన్నాడు.

“మరి మీ అత్తగారింటి మర్యాద అంటారా?” అన్నాను.

గుమ్మం ముందు గుమిగూడిన జనమంతా ఘొల్లున నవ్వారు. ఆయన ఏమో చెప్పబోయి తల విదిలించి బండెక్కి పోయాడు. అబద్ధం ప్రజల ముందు నిలబడలేదు మామా, నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ ఉన్న సంగతే. కానీ నవ్విన జనాన్ని చూసినా నాకు అసహ్యమే వేసింది. నవ్వడానికి వస్తారు, సంతకానికి రమ్మంటే గొర్రెలు తప్పిపోయాయంటారు.

ఈ మధ్యలో వోల్టేజి పడిపోయి కంప్యూటర్ దానంతటదే ఏడుసార్లు ఆగింది. పని అందలేదు. లహరికి రెండో తప్పు పడింది. ఇంక ఒకటే మిగిలింది. అది గుర్తొస్తే దానికి అన్నం దిగడం లేదు. కాళ్ల కింద చెక్క పలక వేసుకుని, పెదవులు బిగించి టైపు చేస్తోంది. స్టెబిలైజర్ తెచ్చాను. అమ్మినవాడి నవ్వు చూస్తే వాంతి వచ్చింది. ప్రతి వస్తువునూ ‘ఫుల్ సేఫ్టీ సార్’ అంటాడు. వాడి ఫ్యాను మాత్రం కిర్రుమంటోంది.

అవ్వ మోకాళ్లు అట్లనే ఉన్నాయి, నోరు కూడా.

సత్యం గెలిచిన
గిరి


మడకశిర,
30 ఏప్రిల్ 2025.

ఒరేయ్ గిరీ,

ఎర్త్ బాగా ఉండాదని రాసినావు. సంతోషం. నా పని ఇరవై ఏండ్లు నిలబడింది. మీ అత్తకు ఆ లైను రెండు తూర్లు చదివి వినిపించినా. ‘సాల్లే, తాజ్‌మహల్ కట్టినట్టు సెప్తాండావు’ అనింది.

అయితే ఆ హనుమంతరాయుడు నా పనిని ముట్టుకొని చూసి ‘దీన్ని ఎర్త్ అంటారా’ అన్నాడా? ఎంత పొగరు! వాడు ముక్కులో వేలు పెట్టుకునే వయసులోనే నేను మిల్లులో నూటికి పైగా ఎర్తులు పెట్టినా. నువ్వు బోర్డుకెక్కించింది తప్పని పోయినసారి రాసినా గదా, ఆ మాట వెనక్కి తీసుకుంటాండా. ఉండనీ, ఇంకొన్నాళ్లు బోర్డు మీదే ఉండనీ.

కానీ వాడు అన్నదాంట్లో ఒక గింజ నిజం ఉండచ్చు. ఎండలకు దాని బలం తగ్గింటాది. మన సీమలో ఎర్త్‌కు శత్రువు కరువే. నువ్వు వారానికి రెండు బిందెల నీళ్లు దానికి పొయ్యి. పిడికెడు కల్లుప్పు కలిపితే ఇంకా మంచిది. బాగా తడిసేటట్టు పొయ్యి, పిసినారితనం చేయద్దు. అప్పుడు చూడు దాని బలం!

పాపను దిగులు పడద్దని చెప్పు. కాళ్లు అందకపోతే పలక ఎందుకు, కుర్చీ కిందికి దించుకొమ్మను.

రామదాసు మామ


గువ్వలకొట్టాల,
8 మే 2025.

రామదాసు గారికి,

నీ ఉత్తరం ఇంట్లో అందరి ముందు చదివాను. తర్వాత అమ్మ, ‘మా అన్నకు ఎండదెబ్బ తగిలినట్టుండాది’ అని కళ్లు తుడుచుకుంది.

ఎర్త్‌కు రెండు బిందెలు నీళ్లు పోయాలా? ఉప్పు కలిపి? పిసినారితనం చేయకుండా? మామా, ఎర్త్ వచ్చేది కంప్యూటర్ డబ్బా నుంచి! ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటాయే, దాన్నే కదా ఎర్త్ అంటారు! ఆ డబ్బా మీద ఉప్పునీళ్లు కుమ్మరించమంటావా? పైగా దాని బలం పెరగాలంటావా? చెక్క పలక లేకుండా నా చెల్లెలు కాలు నేల మీద పెట్టలేకపోతోంది. అవ్వ అయితే డబ్బాలో అమ్మోరు ఉండాదని కుంకుమ పెట్టింది. ఇంట్లో మూఢనమ్మకం, ఆఫీసులో లంచం, అంగడిలో మోసం, చివరికి చదివినవాడివి, పనివాడివి అనుకున్న నువ్వు కూడా ఎగతాళి! ఎవరి మీద పెట్టుకోవాలి నమ్మకం? ఇంక నాకు కోపం కూడా రావడం లేదు, కంపరం పుడుతోంది.

ఇంకో సంగతి. నాలుగు రోజులకోసారి ట్యాంకరు వస్తే ఇంటికి ఆరు బిందెలు. దాంట్లో రెండు నేలపాలు చేసే జమీందారులం కాము.

నా దారి నేను చూసుకున్నాను. అనంతపురం నుంచి ఒక మెకానిక్‌ను పిలిపించి ఎర్త్ మొత్తం తీసేయించాను. వాడు ప్లగ్గు విప్పి, ఆకుపచ్చ తీగ కత్తిరించి, మూడో పిన్ను విరిచేసి ‘ఇంక యాడిది సార్ ఎర్త్’ అన్నాడు. ఐదు నిమిషాల పని. ముప్పై ఏళ్ల అనుభవం కంటే ఐదు నిమిషాల చురుకుదనం మేలు.

ఇక మీదట ఈ విషయం నీతో మాట్లాడను.

ఇట్లు,
గిరి

మామా, నేను లహరిని. వీడు కవరు అంటించే ముందు లాక్కుని రాస్తున్నాను. ఆకుపచ్చ తీగ తీశాక డబ్బా జిల్లుమనడం ఏమీ తగ్గలేదు. వీడికి చెబితే ‘నీ భ్రమ’ అంటాడు. నువ్వు ఎగతాళికి రాసేవాడివి కాదు. ఎక్కడో ఏదో ఒక మాట తిరగబడింది. తొందరగా రాయి.


మడకశిర,
16 మే 2025.

గిరీ,

లహరి రాసిన నాలుగు లైన్లు చదివి చేతిలో గ్లాసు కింద పడింది. మీ అత్త నిజంగానే ఎవురో పోయినారనుకొంది. ఈ ఉత్తరం చదవడం అయిపోయేలోగా పోయి కంప్యూటర్ ప్లగ్గు పీకేయి. పీకినావా? ఇప్పుడు కూర్చో.

తప్పు నాది కూడా. ముప్పై ఏండ్లు ఆ మాట జనం నోట్లో విన్నా, మర్చిపోయినా. ఊర్లల్లో కరెంటు జిల్లుమంటే ‘ఎర్త్ కొడుతాంది, ఎర్త్ వస్తాంది’ అంటారు. పనోళ్లకు ఎర్త్ అంటే అది గాదురా. ఎర్త్ అంటే భూమి! దారి తప్పిన కరెంటు మనిషి ఒంట్లోకి పోకుండా భూమిలోకి పోయే దారి. ఎర్త్ లేకపోతేనే నువ్వు చెప్పే ఎర్త్ కొడుతుంది. నువ్వు ‘పుష్కలంగా ఉండాది’ అని రాసింది రోగం గురించి. నేను సంతోషపడింది మందు ఉండాదని. హనుమంతరాయుడు ‘దీన్ని ఎర్త్ అంటారా’ అన్నది సరిగ్గానే అన్నాడు. పాపం, వాని ముక్కును అనవసరంగా మధ్యలోకి లాగినా.

ఇంకో మాట. కంప్యూటర్ లోపలి డబ్బా వచ్చిన కరెంటును వడగట్టి, అందులోని చెత్తను ఆకుపచ్చ తీగలోకి తోస్తుంది. నువ్వు ఎంగిలి కరెంటు అన్నావే, అది ఇదే. చేయి కడుక్కునే తావు లేక ఆ ఎంగిలి అంతా డబ్బాకే అంటుకొని ఉంటుంది. అదే మీ వేళ్లకు జిల్లుమనేది. ఆ మహానుభావుడు కత్తిరించింది దాని దారిని.

తూర్పు గోడ పక్కన నేను పాతిన ఇనుప పైపు ఉండాది. కింది భాగంలో చిల్లులుంటాయి. చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి పూడ్చినా. మీటరు నుంచి దానికి ఒక తీగ పోతుంది. నీళ్లు దాని మొదట్లో పొయ్యమన్నా, కంప్యూటర్ మీద గాదు. ఎండిన నేల కరెంటును మింగదు, తడి నేల మింగుతుంది. పోయి ఆ తీగ ఉండాదో తెగిందో చూడు.

ముంగారు, తొలకరి వానలకు ముందు ఉరుములు ఎక్కువ. జాగ్రత్త రా నాయనా.

మామ


గువ్వలకొట్టాల,
25 మే 2025.

మామా,

నీ ఉత్తరం ఇరవై ఒకటిన వచ్చింది. వాన పంతొమ్మిదిన వచ్చింది.

ఆ రోజు నాలుగు గంటలకు పడమట నల్లగా కమ్మింది. మొదటి ఉరుముకే లహరి లేచి ప్లగ్గు మీద చేయి వేసింది. నువ్వు మొదటి ఉత్తరంలో రాసింది దానికి గుర్తుంది. నేనే ఆపాను. “కూర్చో. ఎర్త్ తీసేయించినాం గదా, ఇంకేముంది? ఉరుముకు భయపడేది అవ్వలు” అన్నాను. అవ్వ కూడా అక్కడే ఉంది. “అవును నాయనా, అవ్వలే. అందుకే ఇన్నేండ్లు బతికినారు” అంది. అది కూడా నేను నవ్వులాటకే తీసుకున్నాను.

గుడి వెనక ఎక్కడో పిడుగు పడింది. కంప్యూటర్‌లోంచి నీలం నిప్పు, ఆ వెంటనే పొగ. లహరి కుర్చీతో సహా వెనక్కి పడింది. కుడి చేయి మోచేతి దాకా గంటసేపు స్పర్శ లేదు. అమ్మ ఆ చేయి ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. స్పర్శ వచ్చాక లహరి ఏడవలేదు. వేళ్లు ముడిచి తెరిచి చూసుకుని, “అన్నా, నీ బోర్డు మీద ఇది కూడా రాసుకో” అంది.

నీ ఉత్తరం చదివి తూర్పు గోడ పక్కకు పరుగెత్తాను. అక్కడ పైపు లేదు మామా. ఎందుకు లేదో నాకు నిలబడిన చోటే తెలిసింది.

రెండేళ్ల కింద జనవరి ఇరవై ఆరుకు సంఘం బోర్డు నిలబెట్టాలని పైపు కోసం వెతుకుతుంటే గోడ పక్కన ఒకటి కనబడింది. తుప్పు పట్టింది, ఎందుకూ పనికిరానిది. నేనూ సంఘంలోని అభిలాష్ కలిసి ఒక పూటంతా తవ్వాం. గుంతలో బొగ్గులు, ఉప్పు బయటపడ్డాయి. అవ్వ గుండెలు బాదుకుంది. “ఎవురో మన ఇంటికి చేతబడి జేసినార్రో!” అని. నేను అరుగెక్కి మూఢనమ్మకాల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అవ్వ దిష్టి తీసింది, నేను బొగ్గులు దిబ్బలో పోశాను. పైపుకు ఒక తీగ బిగించి ఉంటే కటింగ్ ప్లేయర్‌తో నేనే కత్తిరించాను. అది ఎక్కడి నుంచి వస్తోందో తల తిప్పి చూడలేదు. ప్రశ్నించు, ప్రశ్నించు అని ఊరంతా రాశాను. ఆ తీగను ఒక్క ప్రశ్న అడగలేదు.

హనుమంతరాయుణ్ణి తిట్టిన కాగితాన్ని ఇన్నాళ్లూ మోసింది ఆ పైపే. ఇంటిని కాయాల్సిన పైపును రోడ్డు మీద నిలబెట్టి, ఇల్లు కాలుతోందని దాని మీదే రాశాను. నా చేతిరాత చూస్తే నాకే ఉమ్మేయాలనిపించింది.

వెంటనే పోయి బోర్డు పీకుతుంటే ఆయన బండి ఆగింది.

“ఏమప్పా, నా బోర్డు పీకుతాండావు? పేరు తప్పు రాసినావా?”

“పేరు కరెక్టే అన్నా. మిగిలిందంతా తప్పు.”

ఆయన బండికి స్టాండు వేశాడు. నవ్వలేదు. “నీ పుణ్యాన నాకు పైనుంచి మెమో వచ్చింది. పదైదేండ్ల సర్వీసులో మొదటిది” అన్నాడు. న్యూట్రల్ తీగ మార్చి ఇరవై తొమ్మిదినే, అంటే నేను కరపత్రం రాయకముందే, స్తంభమెక్కి బిగించాడట. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి, ఎవురూ అడగలేదు అన్నాడు. తర్వాత చొక్కా మడిచి పైపుకు రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి పీకాం. కింద నువ్వు చెప్పిన చిల్లులు కనబడ్డాయి.

మెమోకు నేను జవాబు రాసి సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చి వచ్చాను. లహరి ఉద్యోగం మాత్రం ఏమవుతుందో తెలియదు. అది నా ఉపన్యాసాల మీద నమ్మకం లేక రోజూ సాయంత్రం పని అంతా పెన్‌డ్రైవులో దాచుకుంటోందట. పిడుగు పడిన మరుసటి రోజు ఆ చేతితోనే బస్సెక్కి అనంతపురంలో స్నేహితురాలు వనజాక్షి గదికి పోయి గడువులోపే పంపింది. ఇంకా మూడో తప్పు పడలేదు. రోజూ తెల్లారి పోయి పొద్దుగూకి వస్తోంది. నాతో మాట్లాడదు.

ఏం చేయాలో చెప్పు. నీకు చెప్పరాని మాటలు రాశాను. అవి చించేసి ఉంటే మంచిది.

గిరి


మడకశిర,
2 జూన్ 2025.

గిరికి,

చించలేదు. దాచిపెట్టినా. నీ పెండ్లిలో చదివి వినిపిస్తా.

పాప చేయి సరిగ్గా ఉందా, ముందు అది రాయి. డాక్టరుకు చూపించు. ఆమె మాట్లాడకపోతే మాట్లాడకపోనీ, నువ్వు మాట్లాడించద్దు. బస్సు దాకా సంచి మోయి.

పైపును పాత తావులోనే పాతు. ఇస్త్రీ బండ్లోళ్ల దగ్గర బొగ్గు అడుగు, అంగడి నుంచి కల్లుప్పు తే. ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు. అవ్వను పక్కన కూర్చోబెట్టుకొని ఎందుకో చెప్పి వెయ్యి, లేకుంటే మళ్లా దిష్టి తీస్తుంది. తీగ బిగించేది, బల్బు పెట్టి ఎర్త్ బలం చూసేది హనుమంతరాయుడే చేయవల్ల. నువ్వు ముట్టుకుంటే నా మీద ఒట్టు. మూడో పిన్ను ఉండే కొత్త ప్లగ్గు వేయించు. ఆ మెకానిక్ మళ్లా వస్తే వాన్ని గడప దాటనీయద్దు.

నీళ్లు మాత్రం తప్పవు. మీకు ఎట్ల కుదురుతుందో నాకు తెల్దు.

ఒక మాట రా గిరీ. నాకు చెవులు లేవు, వినబడలేదు. నీకు ఉండీ వినలేదు. ఇద్దరిలో చెవిటోడు ఎవురో ఈడ మీ అత్త తేల్చేసింది. చెప్తే నీకు కోపం వస్తుంది.

మామ


గువ్వలకొట్టాల,
16 జూన్ 2025.

మామా,

అత్త తేల్చింది సరిగ్గానే తేల్చింది.

లహరి చేయి బాగుంది. డాక్టరు చూశాడు. ఎనిమిదో తారీకు పైపు పాతాం. హనుమంతరాయుడన్న తీగ బిగించి, ఒక కొస కరెంటుకు, ఒక కొస పైపుకు పెట్టి బల్బు చూశాడు. ఆరిపోయే దీపంలాగా ఎర్రగా మిణికింది. “నేల ఎండిపోయిండాది. నీళ్లు కావల్ల” అన్నాడు. నేను బిందె ఎత్తాను. అమ్మ బిందె మీద చేయి పెట్టింది.

“ఇవి రేపు పొద్దున తాగను. యాడినుంచి తెస్తావు మళ్లా?”

బిందె దించాను. నీళ్లు తెచ్చే కరపత్రం ఏదీ లేదు. అప్పుడు గుమ్మంలో కూర్చుని కొర్రలు చెరుగుతున్న అవ్వ తల ఎత్తకుండానే అంది. “తాగే నీళ్లే కావల్లని యాడ రాసిండాది? మూడు పూటలా ఇంటిల్లిపాదీ చేతులు కడుగుతారు, అంట్లు కడుగుతారు. ఆడ పోయి కడగండి. భూమికి ఎంగిలి ఉంటాదా యాడన్నా?”

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరు అన్నం తిన్నా పైపు మొదట్లోనే చేయి కడగాలి. అంట్లు తోమే బండ కూడా అక్కడికే జరిపాను. నాయనైతే తిన్నా తినకపోయినా పోయి ఒక చెంబు పోసి వస్తున్నాడు. ఎంగిలి కరెంటు అని ఊరంతా అరిచాను కదా, దాన్ని మింగడానికి భూమి మన ఎంగిలి నీళ్లే అడిగింది. నా మీద నాకు రోత ఇంకా పోలేదు. చేయి కడిగిన ప్రతిసారీ కొంచెం పోతోంది.

నిన్న పదిహేను. లహరి పరీక్షాకాలం ముగిసింది. మధ్యాహ్నానికి కంపెనీ నుంచి కబురు వచ్చింది. ఉంచుకున్నారు. ఇందులో నా గొప్ప ఇసుమంత లేదు, మూడో తప్పు పడకుండా ఆ ముప్పై కిలోమీటర్లూ రోజూ బస్సులో నిలబడి పోయి వచ్చింది అది. కబురు చూపించి నాతో మొదటి మాట అంది. “ఉపన్యాసం వద్దు. కుర్చీ కింద పలక తీసేయి.”

పలక తీసే ముందు, బాగు చేయించిన కంప్యూటర్‌కు మూడో పిన్నున్న ప్లగ్గు వేయించి, హనుమంతరాయుడన్నను భోజనానికి పిలిచాను. రానంటాడేమో అనుకున్నాను. వచ్చాడు. బల్బు పెట్టి చూశాడు, పండగ దీపంలా వెలిగింది. మెమో కొట్టేశారని అప్పుడు చెప్పాడు. సంగటి, చెనిగ్గింజల ఊరుబిండి పచ్చడి పెట్టింది అమ్మ. ఆయన తిని చేయి కడగను పెరట్లోకి పోయాడు. లహరి ఉత్తకాళ్లతో నేల మీద నిలబడి డబ్బాను తాకింది. నేను తాకాను. అప్పుడు అవ్వ వచ్చింది. కుంకుమ బొట్టుకు దండం పెట్టి, ఒక వేలు ఆనించి లాక్కుంది. మళ్లీ ఆనించింది. అరచేయి మొత్తం పెట్టి కళ్లు పెద్దవి చేసింది.

“ఎర్త్ పోయిందిరో!” అని అరిచింది.

పెరట్లోంచి నీళ్ల చప్పుడు మధ్య హనుమంతరాయుడన్న గొంతు వినబడింది.

“పోలేదవ్వా! ఇప్పుడే వచ్చింది!”

ఇద్దరిలో ఎవరిది సరైన మాటో తేల్చే బోర్డు నేను రాయను. రాసినా నిలబెట్టడానికి పైపు లేదు.

చేయి కడుక్కుని రాస్తున్న
గిరి